కుల్య, కాలువ, ప్రణాళి

ఆంగ్లములోని ‘కెనాల్’ శబ్దమునకు మూలము లాటిన్ ‘కనాలిస్’. దానికి మూలము ‘కన్నా’, అనగా బోలుగా ఉండు రెల్లుకాడ. మన ‘నాడి’కి కూడ ‘నడ’మను రెల్లుజాతి తృణముతోనే చుట్టరికము. నీటికైనను ప్రాణమునకైనను తోవ ఎట్లుండునో చెప్పవలసివచ్చినప్పుడు అక్కడివారికిని ఇక్కడివారికిని బోలుకాడయే తోచినది. ‘ప్రణాళి’ సైతము నీరు పారు మార్గమే. అదియే ‘ప్రణాళిక’యై ప్రభుత్వ కార్యాలయములకు చేరినది! ‘కాలువ’ మాత్రము సంస్కృతము కాదు, ద్రావిడము. తమిళమున ‘కాల్’, కన్నడమున ‘కాలువె’. సంస్కృతమున దీనికి సరియగు మాట ‘కుల్య’. మనుష్యులు త్రవ్విన చిన్న నదియని అమరసింహుడు దాని అర్థము చెప్పినాడు.

ఈ కుల్యకు వేదాంతమున గొప్ప స్థానము కలదు. 17వ శతాబ్దమునకు చెందిన ధర్మరాజాధ్వరీంద్రుడు ‘వేదాంత పరిభాష’లో ప్రత్యక్షజ్ఞానమును వివరించుచు చెఱువునీటిని దృష్టాంతముగా తెచ్చినాడు. నీరు రంధ్రము వెడలి, కాలువయై పారి, మడిని చేరి, నలుచదరపు మడిలో నలుచదరమగును. అంతఃకరణమును అట్లే నేత్రద్వారమున వెలువడి, ఘటమును చేరి, ఘటాకారము దాల్చును. ఆ పరిణామమే వృత్తి.

మా నాన్నగారు ధవళేశ్వరము ఆనకట్ట నీటితో వరి పండించినవారు. ఈ భాగము చదివి వినిపించగా, “బోదె పూడిపోతే మడి ఎండుతుందిరా, కాలువ ఎండదు” అన్నారు. మూడేండ్లుగా ఆయన నన్ను గుర్తుపట్టుట లేదు.

ఆ మాటను పట్టుకొని ఊరట పొందవలెనని నాకు అనిపించును. కాని శాస్త్రము అంత సులభముగా ఒప్పదు. దృష్టాంతములోని నీరు అంతఃకరణమే గాని ఆత్మ కాదు. తగ్గుటకును పూడుటకును లోనగునది అదియే. దాని రాకపోకలను చూచు సాక్షికి కాలువతో పని లేదు. ఇది సిద్ధాంతము, ప్రక్కన కూర్చున్నప్పుడు పుత్రునికి ఇది చాలదు.

పతంజలి కైవల్యపాదమున కర్షకుని పేర్కొన్నాడు. కర్షకుడు నీటిని చేతులతో మోయడు. అడ్డుగట్టును తెగగొట్టును, నీరు తానే పారును. నాకు ఈ దృష్టాంతమే పనికివచ్చుచున్నది. ప్రతి సాయంకాలము ఆయన చెంత విష్ణుసహస్రనామము చదువుచున్నాను. ఎవరినని అడుగుట మానివేసినాను. కొన్నినాళ్ళుగా, నేను ఊపిరి కొఱకు ఆగినచోట, తరువాతి నామమును ఆయన అందుకొనుచున్నారు.