చుక్క పడిన చోటు

డాలస్ నగర సమీపంలోని ఇర్వింగ్‌లో ఒక ఇంటి గ్యారేజీ నేలపై రూపాయి బిళ్లంత ఎర్రని మరక రెండు సంవత్సరాలుగా ఉన్నది. ఆ ఇంటి గృహస్థుడు ప్రతి శనివారం ఉదయం దానిని పాతగుడ్డతో తుడిచేవాడు. సోమవారం నాటికి అది మరల అదే స్థానంలో ప్రత్యక్షమయ్యేది. మరకకు పైన నిలిచి ఉండేది 1994 నాటి మజ్డా మియాటా. ఇద్దరు మాత్రమే కూర్చోదగిన, పైకప్పును మడిచి వెనుకకు తోసివేయదగిన చిన్న స్పోర్ట్స్ కారు. ఈ వాహనం 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి లోకానికి దర్శనమిచ్చింది. గుంటూరులో విద్యార్థిగా ఉన్న రోజులలో అతడు ఒక పత్రికలో దాని ఛాయాచిత్రం చూశాడు. ఆనాడు చిత్తంలో పడిన వాసన పాతికేళ్లు నిద్రాణమై ఉండి, అమెరికాలో స్థిరపడిన తరువాత ఫలించింది. కారు పాతదే. కాని పాతదని తెలిసే కొన్నాడు.

మరక పవర్ స్టీరింగ్ ద్రవానిది. ఆటోమేటిక్ గేరుపెట్టెలలో వాడే ఎర్రనూనెనే ఈ కారు స్టీరింగులోనూ పోస్తారు. మూడు నాలుగు వారాలకొకసారి అతడు బానెట్ ఎత్తి, చిన్న ప్లాస్టిక్ డబ్బా మూత తిప్పి, గీతకు దిగువన ఉన్న మట్టాన్ని గీత వరకు నింపేవాడు. సీసా వెల స్వల్పం, శ్రమ రెండు నిమిషాలు. ఇంత సులభమైన ఉపచారం లభించినప్పుడు చికిత్స ఎవరికి గుర్తుకు వస్తుంది?

మధ్యలో ఒకసారి లీకును ఆపుతుందని చెప్పే మందు సీసా కూడా కొని పోశాడు. అటువంటి ద్రవాలు చేసే పని ఒక్కటే: వయసుతో బిగిసి కుంచించుకుపోయిన రబ్బరు సీళ్లను కొంత ఉబ్బేట్లు చేయడం. మూడు నెలలు మరక కనబడలేదు. అతడు దానిని ఆరోగ్యమనుకున్నాడు. నాలుగవ నెలలో మరక తిరిగి వచ్చింది, మునుపటికంటె వెడల్పుగా. ఉబ్బిన రబ్బరు మెత్తబడుతుంది. మెత్తబడినది త్వరగా అరుగుతుంది.

వేసవి సెలవులకు డెంటన్ నుండి ఇంటికి వచ్చిన కుమార్తెకు పందొమ్మిదేళ్లు. ఆమెకు ఆ కారంటే తండ్రికంటె ఎక్కువ మోజు. తాళాలు ఇచ్చిన రోజున ఆమె నేలవైపు చూసి, "నాన్నా, ఆ ఎర్రమరక ఏమిటి?" అని అడిగింది. "పాతబండి కదమ్మా, ఆ మాత్రం ఉంటుంది" అన్నాడు. ఇది అసత్యం కాదు. సత్యం కూడా కాదు. డబ్బాలో ద్రవం తగ్గుతూ ఉంటుందని, తాను రహస్యంగా నింపుతున్నానని, ఎన్ని వారాలకు ఎంత పోతుందో తనకు లెక్క తెలుసునని అతడు చెప్పలేదు. చెబితే 'అయితే ఎందుకు బాగుచేయించలేదు?' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు అతనివద్ద సమాధానం లేదు.

ఆగస్టులో అతడు కార్యాలయపు పనిమీద పది రోజులు వేరే ఊరికి వెళ్లాడు. టెక్సాస్ ఎండలో ద్రవం మరింత పలుచనై మరింత కారింది. నింపే చేయి లేదు. ఎనిమిదవ రోజు సాయంకాలం ఒక దుకాణం ముందున్న పార్కింగులో, రెండు కార్ల నడుమ ఖాళీలోనికి తిప్పబోయిన ఆ పిల్ల చేతులలో స్టీరింగ్ ఒక్కసారిగా బిగిసిపోయింది. ముందు భాగంనుండి మూలుగువంటి ధ్వని. పక్క కారుకు జానెడు దూరంలో ఎట్లో నిలిపి, ఫోను చేసింది.

"నాన్నా, స్టీరింగ్ తిరగడం లేదు. నేనేమైనా పాడుచేశానా?"

"కాదమ్మా, దిగిపో, అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లు" అన్నాడు. అంతకుమించి ఆ రాత్రి కూడా చెప్పలేదు.

ఇచట యంత్రస్వరూపాన్ని కొంత తెలుసుకోవలసి ఉన్నది. స్టీరింగ్ చక్రం నుండి దిగివచ్చే కడ్డీ చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది ర్యాక్ అనే పళ్లకడ్డీని ఎడమకు, కుడికి జరుపుతుంది; ర్యాక్ రెండు కొసలకు తగిలించిన టై రాడ్లు ముందు చక్రాలను తిప్పుతాయి. ఇది శుద్ధమైన లోహసంబంధం, ద్రవంతో నిమిత్తం లేనిది. కాబట్టి ద్రవం పోయినా దిశపై అధికారం పూర్తిగా పోదు. పోయేది సహాయం మాత్రమే. ఆ సహాయం ఎట్లు వస్తుందంటే, పినియన్ పైభాగంలో సన్నని ఉక్కుకడ్డీ ఒకటి చేతి బలానికి కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలిక ఒక కవాటాన్ని తెరుస్తుంది. ఇంజను తిప్పే పంపు నుండి వచ్చిన ద్రవం అందులోనుండి వెళ్లి, ర్యాక్ మధ్యనున్న పిస్టనును ఒకవైపుకు నెడుతుంది. చక్రాన్ని కడదాకా తిప్పి పట్టుకుంటే ఆ ద్రవపీడనం సాధారణంగా వాయుమండల పీడనానికి 70 రెట్లు దాటుతుంది. టైరులోని గాలి పీడనం సుమారు రెండు రెట్లు మాత్రమే. అంతటి ఒత్తిడిని లోపల నిలిపి ఉంచేది కొసలలోని సన్నని రబ్బరు సీలు పెదవి. ముప్పై ఏళ్ల రబ్బరు చివరకు ఓడిపోతే అది నిర్మాతల దోషం కాదు.

ఈ ఏర్పాటుకు మూలపురుషుడు ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు. 1926 నాటికే అతడు దీనిని పియర్స్ ఆరో కారులో అమర్చి చూపాడు. అయినా జనులు కొనుక్కునే కారులోకి రావడానికి 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్ వరకు ఆగవలసి వచ్చింది.

సహాయానికి అలవాటుపడిన యంత్రం సహాయం పోయినప్పుడు, మొదటినుండి సహాయం లేని యంత్రంకంటె బరువుగా ఉంటుంది. సహాయం లేని ర్యాకులో చక్రాన్ని ఎక్కువ చుట్లు తిప్పవలసి ఉంటుంది గనుక ఒక్కొక్క చుట్టు తేలిక. సహాయమున్న ర్యాకులో చుట్లు తక్కువ. పైగా పిస్టను, సీళ్లు, మిగిలిన ద్రవం అన్నిటినీ చేతులే నెట్టాలి. ఆ పిల్ల చేతులు ఆ సాయంకాలం మోసిన బరువు అది. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, బుద్ధిని సారథి అని, మనస్సును పగ్గమని చెప్పింది. పగ్గం బిగిసిపోయినందుకు సారథి తననే నిందించుకోవడం ఈ ఉపమానంలో లేదు. ఉపమానాన్ని ఇంతకంటె లాగడం ఉచితం కాదు.

తిరిగి వచ్చిన తరువాత కారును ఒక మరమ్మతుశాలకు తీసుకువెళ్లాడు. అక్కడివారు పది నిమిషాలు చూసి పంపు పోయిందన్నారు. మూలుగు పంపుదే గనుక ఆ మాట నమ్మదగినదిగానే ఉన్నది. కాని ద్రవం లేని ఏ పంపైనా మూలుగుతుంది. అతడు ఒక రాత్రి ఆలోచించి, కారును ఇంటికే తెచ్చుకున్నాడు.

వైద్యశాస్త్రంలో నిదానమని ఒక మాట ఉన్నది; రోగం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం. లీకు విషయంలో అందరూ మొదట చేసే పొరపాటు చుక్క పడిన చోటును రోగస్థానం అనుకోవడం. ద్రవం నిమ్నాన్ని అనుసరిస్తుంది. ఎక్కడో పుట్టి, గొట్టాల వెంబడి, చట్రం అంచు వెంబడి ప్రాకి, అన్నిటికంటె క్రిందనున్న బోల్టు తలపై పోగై రాలుతుంది. కారు పరుగెత్తేటప్పుడు వీచే గాలి దానిని ఇంకా వెనుకకు తోస్తుంది. రెండేళ్లు తాను తుడిచిన మరకకు పైన నిజానికి ఏ దోషమూ లేదని అతనికి ఆ శనివారం తెలిసింది.

కారు ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్లపై నిలిపాడు. (ఒక్క జాకీని నమ్మి కారు క్రిందికి దూరేవారు ఇప్పటికీ ఉన్నారు, అది సాహసం కాదు.) క్రింది భాగమంతా కడిగి, ఆరబెట్టి, గొట్టాల కీళ్లపై మొహానికి రాసుకునే పౌడరు చల్లాడు. కుమార్తె సీటులో కూర్చుని స్టీరింగ్ అటూ ఇటూ నెమ్మదిగా తిప్పింది. పంపు కీళ్లు తెల్లగానే ఉన్నాయి. పైనున్న పినియన్ సీలు తెల్లగానే ఉన్నది. అప్పుడతడు ర్యాక్ కొసలను కప్పే మడతల రబ్బరు తొడుగులను ఒక్కొక్కటిగా వ్రేళ్లతో నొక్కాడు. ఎడమది బోలుగా ఉన్నది. కుడిది నీళ్లసంచిలా కదిలింది. పట్టీ విప్పగానే ఎర్రని ద్రవం మోచేతి వరకు కారింది.

తొడుగు లోపలి మడతలో, బయటికి కనబడని చోట, గోరంత పగులు. దానిగుండా ఎన్నో వానల నీరు, ఇసుక లోనికి చేరాయి. అద్దంవలె మెరవవలసిన ర్యాక్ కడ్డీపై తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలు. ప్రతి మలుపులోను ఆ గుంటల అంచులు సీలు పెదవిని ఆకురాయివలె గీశాయి. అంటే కారణం పంపు కాదు, సీలు కూడా కాదు. ఆనాడే చూసి ఉంటే స్వల్పమైన ఖర్చుతో పోయే ఒక తొడుగు. ఆ రెండేళ్లలో అతడు డబ్బా మూత ఎన్నిసార్లు తిప్పాడో! క్రిందికి వంగి చూసింది మాత్రం ఒక్కసారి కూడా లేదు.

ఇక మార్గాలు మూడు. సీళ్ల కిట్టు తెచ్చి మార్చడం చవక, కాని గుంటలు పడిన కడ్డీపై కొత్తసీలు కొన్ని నెలలకే పాతదవుతుంది. రెండవది, పునర్నిర్మితమైన ర్యాకును తెచ్చి మొత్తంగా మార్చడం. మూడవది అతనిని నిజంగా ఆకర్షించింది: పంపు, గొట్టాలు అన్నీ తొలగించి, సహాయం లేని స్టీరింగుగా చేయడం. ఈ కారును ప్రేమించేవారిలో అనేకులు అట్లు చేస్తారు. అప్పుడు రోడ్డు స్పర్శ చేతికి స్వచ్ఛంగా అందుతుందని అంటారు. అది నిజమే. కాని కొందరు గొట్టాల రెండు కొసలను కలిపివేసి పని అయిందనుకుంటారు. లోపల పిస్టను సీలు అట్లే ఉండి, ప్రతి మలుపులోను మిగిలిన నూనెను అటూ ఇటూ నెడుతూ అడ్డుపడుతుంది. ఇది అర్ధసన్న్యాసం వంటిది. సరిగా చేయాలంటే ర్యాకును విప్పి, పిస్టను సీలును తీసివేసి, కవాటంలోని మెలిక వదులును కూడా బిగించాలి.

అతడు రెండు రోజులు ఈ త్యాగపు ఆలోచనలో ఆనందించాడు. తరువాత పార్కింగులో బిగిసిన చేతులు జ్ఞప్తికి వచ్చాయి. ఆ కారును ఇక ఎక్కువగా నడపబోయేది తాను కాదు. పునర్నిర్మితమైన ర్యాకునే తెప్పించాడు.

మార్చడానికి రెండు శనివారాలు పట్టింది. పాత టై రాడ్ కొసలు ఎన్ని చుట్లకు ఊడివచ్చాయో కుమార్తె లెక్కపెట్టి గోడపై పెన్సిలుతో రాసింది. కొత్తవాటిని అన్నే చుట్లు బిగిస్తే చక్రాలు సుమారుగా సరైన దిశలో నిలుస్తాయి, అలైన్‌మెంటు కేంద్రం వరకు వెళ్లగలిగేంత. కొత్త ర్యాకును సరిగ్గా మధ్యస్థానంలో ఉంచి కలపడానికి ఎక్కువ సమయం పట్టింది. ద్రవం నింపి, ఇంజను వేయకుండా, చక్రాలు గాలిలో ఉండగానే స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు పలుమార్లు త్రిప్పితే లోపలి గాలి బుడగలుగా డబ్బాలోకి వస్తుంది. తొందరపడి ముందే ఇంజను వేస్తే ద్రవం నురగెత్తుతుంది.

ఆమె తిప్పుతూ ఉండగా, అతడు డబ్బాలో బుడగలు చూస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. రెండేళ్ల సంగతి, సీసాల సంగతి, వెళ్లే ముందు నింపడం మరచిన సంగతి. స్టీరింగ్ చక్రం ఆగింది.

"అయితే ఆ రోజు తప్పు నాది కాదన్నమాట."

"కాదు తల్లీ."

"నువ్వు వచ్చేదాకా నేనే పాడుచేశానని నిద్ర పట్టలేదు నాన్నా. అమ్మకు కూడా చెప్పలేదు."

అతనికి మాట రాలేదు. కొంతసేపటికి ఆమె, "బుడగలు ఆగాయా?" అని అడిగి మరల తిప్పసాగింది.

మరుసటి శనివారం అతడు అలవాటు చొప్పున పాతగుడ్డ తీసుకుని గ్యారేజీలోకి వచ్చాడు. పాత మరక కాంక్రీటులో ఇంకిపోయి అట్లే ఉన్నది. దానిపై పరచిన అట్టముక్క మాత్రం శుభ్రంగా ఉన్నది. కారు క్రిందనుండి టార్చిలైటు వెలుగు, రెండు పాదాలు బయటికి కనబడుతున్నాయి.

"ఎడమ తొడుగు పొడి" అన్నది ఆమె. పట్టీని వ్రేలితో తడుముతున్న చప్పుడు. "కుడిదీ పొడే. నాన్నా, ఇటు వంగి నువ్వు కూడా చూడు."