నిర్దయ అంటే ఏమిటి?

అప్పుడు, అంటే 2003లో, మేము ఎనిమిదో తరగతి చదువుతున్నాము. మా వసతి గృహంలో నల్లగొండ పిల్లలము, పాలమూరు పిల్లలము కలిసి ఉండేవాళ్లము. ఒకరోజు బడిలో తెలుగు సారు బోర్డు మీద 'నిర్దయ' అని రాసి అర్థం అడిగారు. నిః + దయ, విసర్గ సంధి అని చెప్పాము. నిర్దాక్షిణ్యం, కాఠిన్యం, కర్కశత్వం, క్రూరత్వం అని గబగబా రాశాము.

"ఇవన్నీ ఒకటేనా?" అన్నారు సారు. మేము మాట్లాడలేదు.

"చేతికి గరుకుగా తగిలేదాన్నీ కర్కశమే అంటాం. దాక్షిణ్యం అంటే ఎదుటివారిని నొప్పించలేని మెత్తదనం. అది లేకుంటే నిర్దాక్షిణ్యం. క్రూరుడు కావాలని బాధపెడతాడు. నిర్దయకు అంత శ్రమ అక్కర్లేదు. ఎదుటివాని బాధ కండ్లముందే ఉన్నా మనసు కదలకపోతే చాలు. మీ ఇండ్లల్ల 'కనికారం లేదు' అనేది దాన్నే" అని వివరించారు.

మాకు ఒక తమ్ముడు గుర్తొచ్చాడు. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చినవాడు. వాని పండ్ల మీద గోధుమరంగు మచ్చలుండేవి. "పండ్లు తోముకోవా?" అని రోజూ ఎక్కిరించేవాళ్లము. వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు. కొన్నాళ్లకు నవ్వడమే మానేశాడు. మేము దాన్ని పరాచికమే అనుకున్నాము.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని తర్వాత సైన్సు సారు చెప్పారు. అంతకు మించిన నీళ్లు పసితనంలో తాగితే, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే మచ్చ పడుతుందట. ఎంత తోమినా పోదట.

మాలో పాలమూరు వాళ్లము కూడా ఏమన్నా తక్కువ బాధపడ్డామా? అమ్మానాన్నలు బొంబాయికి మట్టి పనికి పోతే, "మీవాళ్లు చూడనీకి రారా?" అన్న మాటకే చాటుకు పోయి ఏడ్చినవాళ్లము. ఆ నొప్పి తెలిసీ ఇంకొకరిని నొప్పించాము.

అందరం పోయి తప్పైందన్నాము. వాడు, "మా ఊళ్లె అందరికీ ఇట్లనే ఉంటయన్నా. ఇక్కడికొచ్చినంకనే తెలిసింది, నావి బాగలేవని" అన్నాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

2016లో మొదలైన మిషన్ భగీరథతో ఆ దిక్కు ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. అప్పటి మచ్చలు మాత్రం పోలేదు. మేమన్న మాటలూ అంతే.

తమ్ముళ్లారా! ఈ ఏడు మీ గదిలోకి కొత్తగా వచ్చినవాడు నవ్వడం లేదేమో చూడండి. పరీక్షలో రాయడానికి మాకు నిర్దయకు అయిదు పదాలు వచ్చు. అర్థం మాత్రం వాని దగ్గరే నేర్చుకున్నాము.