చెంబూ, గొట్టమూ

టమాటా లేకుండా వంట చెయ్యడం మన అమ్మమ్మలకి బాగానే చేతనయ్యేది. మనకే చేతకాదు. పప్పులో టమాటా, పచ్చట్లో టమాటా, చారులో చింతపండుకి తోడుగా మళ్ళీ అదే. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు మా వీధి ఆడవాళ్ళమంతా కూరలబండి దగ్గర ధర అడిగి, బండివాణ్ణి వదిలేసి ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఆ ఏడే మా డాబా మీద పద్నాలుగు కుండీలు వెలిశాయి. కుండీలంటే కుండీలు కావు లెండి. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన 20 లీటర్ల బకెట్లు, అడుగున చిల్లులు పెట్టినవి.

నేలలో ఉన్న మొక్కకి దాహమేస్తే వేరు కిందికి వెతుక్కుంటూ పోతుంది. బకెట్లో మొక్క ఎక్కడికి పోతుంది పాపం? కాయ పట్టిన మొక్క ఎండ ముదిరాక రోజుకి రెండు లీటర్లు ఇట్టే తాగేస్తుంది. ఇవాళ మానేసి రేపు రెండింతలు పోస్తానంటే ఒప్పుకోదు. ఎండిపోయి ఉన్నది ఒక్కసారిగా తాగితే కాయ తొక్క పగులుతుంది. కాయ అడుగున నల్లగా, తోలులా మచ్చపడడం మీరూ చూసే ఉంటారు. కొందరు పురుగనుకుని మందు కొడతారు. కొందరు గుడ్డు పెంకులు పొడిచేసి వేయమంటారు. అది పురుగూ కాదు, ఆ పెంకులు మట్టిలో కరిగేలోపు పంటే అయిపోతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా దాన్ని కాయదాకా మోసుకెళ్ళేవి నీళ్ళు. అవి ఒకపూట ఉండి ఒకపూట లేకపోతే కాయకి అందదు. (ఎండ 35 డిగ్రీలు దాటితే మాత్రం ఎన్ని నీళ్ళు పోసినా పూత రాలుతుంది. దానికి మనం చేసేదేం లేదు.)

మా ఇంట్లో ఈ నీళ్ళ పని అత్తగారిది. ఎవరూ అప్పగించలేదు, ఆవిడే తీసుకున్నారు. వంట నా చేతికొచ్చింది, పూజసామాను తోమడం పనిమనిషి చేతికెళ్ళింది. ఆవిడకి మిగిలినవి ఆ పద్నాలుగు బకెట్లూ, ఒక ఇత్తడి చెంబూ. పొద్దున్న ఆరింటికోసారి, సాయంత్రం ఐదింటికోసారి. పోస్తూ మాట్లాడేవారు కూడా. మొక్కలతోనో, పోయిన మామగారితోనో నేనెప్పుడూ అడగలేదు.

కిందటేడు ఆవిడకి మోకాళ్ళు బాగా వాచాయి. మెట్లెక్కడం కుదరదన్నారు డాక్టరుగారు. ఆ ఆదివారమే మావారు సంచినిండా గొట్టాలు పట్టుకొచ్చారు. వేలిలావు నల్లగొట్టం ఒకటి, దానికి గుచ్చే సన్నగొట్టాలు, వాటి చివర బొట్టుబొట్టుగా కార్చే బిళ్ళలు, ఒక జల్లెడ, బ్యాటరీతో నడిచే గడియారపు కుళాయి. ఇజ్రాయెల్‌లో సింఛా బ్లాస్ అనే ఇంజనీరు, కారుతున్న గొట్టం పక్కన ఒక చెట్టు మిగతావాటికన్నా ఏపుగా ఎదగడం చూసి ఈ ఆలోచన చేశాడట. 1965లో అక్కడి ఎడారిలో హాట్సెరిమ్ అనే సమష్టి వ్యవసాయ గ్రామంవాళ్ళు ఆ బిళ్ళల తయారీకి పూనుకున్నారు. ఈ కథంతా మావారు ఉత్సాహంగా చెబుతుంటే అత్తగారు ఒక బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మా ఊరి శివాలయంలో ధారాపాత్ర కదట్రా ఇది! దీనికోసం అంతదూరం వెళ్ళాలా?" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఇంక నాతో పనేముందిలే అమ్మాయ్" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆ పదిరోజులూ పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు, పేజీ తిప్పేవారు కాదు. ఆరోగ్యం కోసం చేసిన పనికి మనిషి ఇలా చిక్కిపోవడమేమిటో మావారికి అర్థం కాలేదు. మగవాళ్ళకి గొట్టం బిగిస్తే పని అయిపోయినట్టే.

పదకొండోరోజు మూడు మొక్కలు తలలు వాల్చాయి. కాఫీ దగ్గర ఆ మాట అంటే అత్తగారు పేపరు పక్కన పెట్టేశారు.

"గొట్టం కింద గ్లాసు పెట్టి చూశారా? ఎన్ని పడుతున్నాయి?"

చూస్తే, డబ్బా మీద గంటకి 4 లీటర్లని రాసివుంది, పది నిమిషాలకి గ్లాసులో పడినవి పావులీటరు. అంటే గంటకి ఒకటిన్నర. మావారు లెక్కవేసి కారణం చెప్పారు. ఆ బిళ్ళలకి సుమారు పదిమీటర్ల ఎత్తునుంచి దిగే నీళ్ళ ఒత్తిడి కావాలట. మా ట్యాంకు డాబా మీద ఆరడుగుల దిమ్మెక్కి కూర్చుంది! ఇలాంటిచోట గడియారపు కుళాయి కూడా తక్కువ ఒత్తిడికి పనిచేసే రకం అడిగి తెచ్చుకోవాలి.

"వేలు పెట్టి చూడు, మట్టి ఒకవైపే తడిసి ఉంటుంది" అన్నారావిడ కుర్చీలోంచే. నిజమే. కొబ్బరిపొట్టు కలిపిన గుల్లమట్టిలో చుక్క పడ్డచోటే నీరు నిట్టనిలువునా దిగిపోతోంది. బకెట్టుకి రెండేసి బిళ్ళలు, ఎదురెదురుగా పెట్టించారు. పొద్దున్న అరగంట, సాయంత్రం ఇరవై నిమిషాలు, వెరసి రెండున్నర లీటర్లు. ఇక వాలిపోయిన ఆ మూడు మొక్కల బిళ్ళలూ మా బోరునీళ్ళ ఉప్పుకి తెల్లగా పూడుకుపోయాయి. నిమ్మ ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెట్టమన్నదీ ఆవిడే. ఇప్పుడు నెలకోసారి ఆ పని జరగాల్సిందే, గొట్టం చివరి బిరడా తీసి మడ్డి వదలాల్సిందే. లేకపోతే నాకు అక్షింతలు.

ఆ సాయంత్రమే మావారి చేత రెండు బకెట్లు కిందికి దింపించారు. తన గది ముందు వసారాలో, పొద్దుటెండ పడేచోట పెట్టించారు. "వీటికి మీ గొట్టం వద్దు" అన్నారు. చెంబు మళ్ళీ బయటికొచ్చింది. మాటలూ మొదలయ్యాయి.

మొన్న ఫిబ్రవరిలో ఆడపడుచుగారింట్లో పెళ్ళికి నాలుగురోజులు ముందే బయల్దేరారు. ఆటో ఎక్కబోతూ ఆగి నన్ను పిలిచారు.

"పొద్దున్న రెండు చెంబులు, సాయంత్రం ఒకటి. ఆకుల మీద పొయ్యకు. పక్కదానికి కాయ రంగు తిరిగింది, కొయ్యకు, నేనొచ్చి కోస్తాను."