మందు సరైనదే, మరి మోతాదు?

మూత్రంలో మంట, చలిజ్వరంతో వచ్చిన ఒకావిడకు కల్చర్ పరీక్ష చేయించి సిప్రోఫ్లాక్సాసిన్ రాశాను. ఆ క్రిమి ఈ మందుకు లొంగుతుందని రిపోర్టులో స్పష్టంగా ఉంది. అయినా జ్వరం దిగలేదు. మందు మార్చేముందు, ఎలా వేసుకుంటున్నారని అడిగాను. "వేడి చేస్తుందని పాలతో వేసుకుంటున్నానండీ, రక్తం మాత్రతో కలిపి" అన్నారు. పాలలోని కాల్షియం, ఆ మాత్రలోని ఇనుము సిప్రోఫ్లాక్సాసిన్‌ను పేగులోనే పట్టేస్తాయి. రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. అదే మందు నీళ్లతో వేసుకుని, రెండు గంటలు ఆగి ఐరన్ మాత్ర వేసుకోమన్నాను. జ్వరం తగ్గింది.

తాపీ పని చేసే ఓ కుర్రాడికి న్యుమోనియా. అమాక్సిసిలిన్ మూడు పూటలా రాస్తే, మధ్యాహ్నం పనిలో కుదరక రాత్రి రెండు కలిపి మింగేవాడు. రోజు లెక్క సరిపోయింది కదా అని అతని వాదన. కానీ ఈ మందు రక్తంలో సుమారు గంటకో సగం చొప్పున తగ్గిపోతుంది. పెన్సిలిన్ జాతి మందుల్లో, క్రిమి ఎదుగుదలను ఆపే కనీస గాఢతకు పైన మందు ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం. ఒకేసారి రెట్టింపు వేసినా ఆ సమయం రెట్టింపు కాదు. ఎనిమిది గంటల ఎడం పెట్టేది అందుకే. మేస్త్రీకి చెప్పి మధ్యాహ్నం మాత్ర మానకుండా వేసుకున్నాక కోలుకున్నాడు.

అమికాసిన్ అనే యాంటిబయాటిక్ తీరు వేరు. గాఢత ఎంత పైకి చేరితే అంత బాగా క్రిములను చంపుతుంది. అందుకే సాధారణంగా రోజు మోతాదంతా ఒకే ఇంజెక్షన్‌గా ఇస్తాం. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మాత్రం అది ఒంట్లో పేరుకుని, చెవులకూ కిడ్నీలకూ చేటు చేస్తుంది. అలాంటి ఒక పెద్దాయనకు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసుకుంటూ డోసుల మధ్య ఎడం పెంచాం. "పక్క బెడ్డాయనకు రోజూ ఇస్తున్నారు, మా నాన్నకెందుకివ్వరు?" అని కొడుకు ఆందోళనపడ్డాడు. నిన్నటి మందు ఇంకా ఆయన రక్తంలోనే ఉందని వివరించాక కుదుటపడ్డాడు.

మందు చాలకపోతే ఏమవుతుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చారు. కోలుకుంటుండగా మందు నిండుకుంది. ఆయన మూత్రం నుంచి తీసి మళ్లీ ఎక్కించినా చాలక, ప్రాణం దక్కలేదు. ఇప్పుడు వీధివీధినా మందుల షాపులున్నాయి. అయినా చాలీచాలని మోతాదులు వాడుతూనే ఉన్నాం. వాటితో బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. ఈ ప్రమాదం గురించి పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు.

యాంటిబయాటిక్ రాయించుకున్నప్పుడు ఎన్ని గంటలకొకటి, ఎన్ని రోజులు, దేనితో కలపకూడదు అని తప్పక అడగండి. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పండి. ఏదైనా పూట కుదరదనుకుంటే అదీ చెప్పండి, వీలైతే వేరే మందు చూస్తాం. మోతాదును మాత్రం మీ అంతట మీరు మార్చకండి.