మబ్బుల్లో గొట్టం

పపువా న్యూగినీ కొండల్లో మధ్యాహ్నం దాటితే చాలు, మబ్బు కిందికి దిగి ఎదురుకొండ కూడా కనబడకుండా చేస్తుంది. ఇక వానే వాన! నేలంతా సున్నపురాయి. ఏళ్ల తరబడి వాననీటికి కరిగి లోపల గుహలు, పైన గుంతలు. పచ్చగా కనిపించిన చోటల్లా గట్టి నేల అనుకోవడానికి లేదు. అలాంటిచోట, హైడ్స్ కొండ అడుగున ఉన్న సహజవాయువును సముద్రం దాటించే పని 2010లో మొదలైంది.

రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి ఈ కొండలకు రోడ్డే లేదు. సామాన్లను లే ఓడరేవులో దించి హైలాండ్స్ హైవే మీద లారీల్లో తెచ్చేవారు. పేరుకే హైవే. ఎక్కడ చరియ విరిగిపడి దారి మూసుకుపోతుందో డ్రైవర్లకీ తెలియదు. గ్యాస్‌ను శుద్ధిచేసే కర్మాగారానికి కావలసిన భారీ యంత్రాలను ఆ వంతెనలు మోయలేవు. ఏం చేశారో తెలుసా? కొమో అనే పల్లె దగ్గర ఏకంగా 3.2 కిలోమీటర్ల రన్‌వే కట్టేశారు! 2013లో భారీ ఆంటొనోవ్ సరుకు విమానాలు ఒకదాని వెనక ఒకటి అక్కడ దిగాయి.

ఆ ఊళ్లు హులీలవి. సొంత జుట్టు పెంచి, దాంతోనే విగ్గు అల్లి, ఈకలు గుచ్చి తలకు పెట్టుకునే జాతి. దేశంలో భూమి దాదాపు అంతా ఇలాంటి తెగలదే. గొట్టం ఏ వాగు దాటినా అది ఎవరో ఒక వంశం వారి వాగే. కొండ తవ్వడం కంటే ఏ ముక్క ఎవరిదో తేల్చడమే కష్టమైంది. ఎగుమతి మొదలై ఏళ్లు గడిచినా హైడ్స్ వాసుల్లో చాలామందికి రాయల్టీ చేతికందలేదు.

నేల మీద 292 కిలోమీటర్లు, సముద్రం అడుగున 407 కిలోమీటర్లు. చివర్లో మోర్స్‌బీ దగ్గర వాయువును సున్నాకి 160 డిగ్రీల దిగువకు చల్లబరిచి ద్రవంగా మారుస్తారు. 2014లో తొలి ఓడ కదిలింది.

2018 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున 7.5 తీవ్రతతో భూమి కంపించింది. వందమందికి పైగా చనిపోయారు. కొమో రన్‌వే దెబ్బతింది, గ్యాస్ ఆగింది. ఏప్రిల్‌లో గ్యాస్ మళ్లీ పారింది. చరియల కింద పూడిపోయిన చిలగడదుంప తోటలను మాత్రం జనం మొదటి నుంచి తవ్వుకోవాల్సి వచ్చింది.