వాయనం శనగలు

శ్రావణమాసం వచ్చిందంటే మా ఇంట్లో శనగలకు కొదవుండదు. మంగళవారం నోములు, శుక్రవారం వ్రతాలు. పేరంటానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఒకప్పుడు కొంగున మూటగట్టుకొచ్చిన నానిన శనగలు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లలో వస్తున్నాయి, అంతే తేడా. సాయంత్రం గుగ్గిళ్ళు, మర్నాడు పాటోళీ, ఆ మర్నాడు వంకాయ కూరలో అవే. వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ కడుపుబ్బరం.

తిట్లు మాత్రం శనగలకు. పాపం, వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అరక్కుండా పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులకు పండగే. ఆ పండగ గాలే మన అవస్థ. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే ఈ చక్కెరలు కొంత పోతాయి.

అసలు చూడాల్సింది పక్కన ఏం వడ్డిస్తున్నామో. గుగ్గిళ్ళ మీద గుప్పెడు పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లుతాం. ఉల్లిలో ఫ్రక్టాన్లున్నాయి, అవీ గాలి పుట్టించేవే. అదే పూట క్యాబేజీ కూర చేస్తే అందులోనూ రాఫినోజే. పైన నాలుగు మిరపకాయ బజ్జీలు పడ్డాయా, ఆ నూనెకు పొట్ట తొందరగా ఖాళీ కాదు. పాలు పడనివాళ్ళు చివర్లో ప్రసాదమని పరమాన్నం తింటే ఇక చెప్పేదేముంది! భోజనం వెంటనే టీ తాగితే ఉబ్బరం సంగతెలా ఉన్నా, గింజల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది.

పులుపుతో మరో పేచీ ఉంది. చింతపండు రసం ముందే పోస్తే గింజ ఎంతసేపు ఉడికించినా బిరుసుగానే ఉంటుంది. అందుకే ముందు గింజ, తర్వాత పులుపు. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే శనగ వెన్నలా నలగాలి. లోపల పలుకు తగిలితే కుక్కర్‌కి మళ్ళీ మూత పెట్టాల్సిందే.

దేనితో ఏది తినాలన్న పట్టింపు పాతదే. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయం పాలతో కలిపి తినకూడనివాటిలో ఉలవల్నీ మినుముల్నీ కూడా చేర్చింది. మనమేమో ఉలవచారులో మీగడ వేసుకుంటాం. చరకుడు చెప్పింది పాల గురించి, మీగడ గురించి కాదని వాదించేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. పడినవాళ్ళకు అది అమృతమే, పడనివాళ్ళు ఉలవచారు ఒట్టిగా తినొచ్చు.

నెలల తరబడి ఉబ్బరం తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. తక్కినవాళ్ళు వాయనం శనగలు మానకండి. ఆ పూటకి క్యాబేజీ, బజ్జీలు మానితే చాలు.