వాచీ వెనక గుర్తు ఎవరిది?



"ఉద్యమంలో తిరిగే మనిషివి, తెల్లోళ్ల యుద్ధాల నాటి వాచీలు పోగేయడమేంటన్నా?" అని యూనివర్సిటీ తమ్ముళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఈసారి రాసే చెప్తాను. నేను కొనగలిగినవి తక్కువ, వాటి గురించి చదివింది ఎక్కువ. అందులో మనకు పనికొచ్చేది చాలా ఉంది.

పాత మిలిటరీ వాచీ చేతికొస్తే కలెక్టరు ముందు ముళ్లు చూడడు. తిప్పి వెనక మూత చూస్తాడు. అక్కడ చెక్కిన గుర్తే దాని కులం, గోత్రం. ధర కూడా దాన్నిబట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం తన సైన్యం కోసం 12 స్విస్ కంపెనీల చేత ఒకే నమూనాలో వాచీలు చేయించింది. ఒమేగా, లాంజిన్స్, సైమా, రికార్డ్, వెర్టెక్స్ లాంటివి అందులో ఉన్నాయి. నల్ల డయల్, చీకట్లో మెరిసే అంకెలు, నీళ్లు చొరబడని కేసు. 1945లో సరుకు అందేసరికి యుద్ధం చివరికొచ్చింది. వెనక మూత మీద మూడు డబ్ల్యూలు, కొన్ని నంబర్లు, ఒక బాణం గుర్తు ఉంటాయి. బాణం అంటే సర్కారు సొత్తు అని. కట్టుకున్నవాడి పేరు మాత్రం ఉండదు.

ఈ పన్నెండింటికీ కలెక్టర్లు ముద్దుగా పెట్టుకున్న పేరు 'డర్టీ డజన్'. 1967లో వచ్చిన హాలీవుడ్ సినిమా పేరు అది. మురికి అనే మాట మన మీద పడితే తిట్టు. వాచీ మీద పడితే లక్షల రూపాయల సెట్టు!

యుద్ధం అయ్యాక వీటిలో కొన్ని మిత్రదేశమైన నెదర్లాండ్స్‌కి వెళ్లాయి. డచ్చివాళ్లు ఐదేళ్లు జర్మనీ బూటు కింద నలిగినవాళ్లు. తమకు విముక్తి రాగానే వాళ్లు పెట్టుకున్న పనేంటి? ఇండోనేషియాను మళ్లీ లొంగదీసుకోవడం. అక్కడ సుకర్ణో, హట్టా 1945 ఆగస్టు 17నే స్వాతంత్ర్యం ప్రకటించేశారు. 1949 దాకా పోరాటం సాగింది. డచ్చి వలస సైన్యం దగ్గరున్న ఈ వాచీలు చివరికి ఇండోనేషియా సైన్యం చేతికొచ్చాయి. వాళ్లు వాటి వెనక ఏ.డి.ఆర్.ఐ. అని నాలుగు అక్షరాలు చెక్కుకున్నారు. ఇండోనేషియా గణతంత్ర భూతల సైన్యం అని వాళ్ల భాషలో దానర్థం. బాణం పక్కనే ఆ అక్షరాలు. బానిసగా ఉండమన్నవాడి సొత్తు మీద తమ పేరు. మొత్తం మిలిటరీ వాచీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు ఇదే.

ఆ కథలో మన దేశం వాళ్లూ ఉన్నారు, కానీ అవతలి వైపు. 1945 చివర్లో సురబయాలో ఇండోనేషియన్ల మీదకి బ్రిటన్ దించింది ఎక్కువగా భారతీయ సిపాయిల్నే. వాళ్లలో కొందరు మనసొప్పక ఇండోనేషియన్ల పక్షాన చేరిపోయారు.

మరి ఆ సిపాయి చేతికి వాచీ ఉండిందా? సర్కారు వాచీ అందరికీ ఇచ్చేది కాదు. ఆఫీసర్లకు, సిగ్నల్స్ వాళ్లకు, ఫిరంగి దళాల్లో లెక్క చూసేవాళ్లకు, అలాంటి పనులవాళ్లకు ఇచ్చేవారు. మామూలు జవాను విజిల్‌కి లేవాలి, విజిల్‌కి దూకాలి. టైం చూసే చెయ్యి ఒకరిది, ఆ టైంకి పరిగెత్తే కాళ్లు ఇంకొకరివి. మాలపల్లెలో, మాదిగపల్లెలో దీన్ని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. పొద్దు పొడవకముందే ఆసామి పొలంలో దిగి పొద్దుగూకాక గట్టెక్కినవాళ్లం మనం.

అసలు ఆ జవాను ఉద్యోగమైనా మనకు తేలిగ్గా వచ్చిందా? బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారుగా చేసిన సైన్యమే 1890ల్లో 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం చెప్పి మహర్లకు తలుపులు మూసింది. తెలుగువాళ్లూ పనికిరారంది. ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనే పిలిచేవారు. అది మన నేల పేరే! 1910లో శివరాం జన్బా కాంబ్లే మమ్మల్ని మళ్లీ చేర్చుకోండని లండన్‌కి అర్జీ పెట్టారు. మొదటి యుద్ధానికి మనుషులు చాలక 1917లో 111వ మహర్ దళాన్ని లేపారు, 1921లో రద్దు చేశారు. 1941లో బాబాసాహెబ్ రక్షణ సలహా సంఘంలోకి వెళ్లాక బెళగాంలో మహర్ రెజిమెంట్ పుట్టింది. 1943లో చమార్ రెజిమెంట్ వచ్చింది. బర్మా పోరులో నెత్తురు ధారపోసింది. 1946లో దాన్నీ రద్దు చేశారు. అవసరం పడితే వీరుడు, అవసరం తీరితే అంటరానివాడు.

ఇంకో గుర్తు సంగతి చెప్పాలి. మహర్ రెజిమెంట్ టోపీ బ్యాడ్జీ మీద మొదట్లో భీమా కోరేగాం స్తంభం ఉండేది. 1818 యుద్ధంలో పడిపోయిన మహర్ సైనికుల పేర్లున్న స్తంభం అది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ స్తంభం తీసేసి బాకు బొమ్మ పెట్టారు. ఇండోనేషియా వాళ్లు స్వాతంత్ర్యం వచ్చాక తమ గుర్తు చెక్కుకున్నారు. మనకేమో స్వాతంత్ర్యం వచ్చాక ఉన్న గుర్తు పోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

బాబాసాహెబ్‌కి టైం విలువ తెలుసు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉండి, ఫ్యాక్టరీల చట్టం సవరణతో వారానికి 54 గంటల పనిని 48కి దించే దారి వేశారు. వాచీ లేని చేతులకు ఆయన గంటలు ఇప్పించారు.

ఇక మీకు పని చెప్తున్నాను. రెండో యుద్ధంలో భారత సైన్యంలో చేరింది దాదాపు 25 లక్షల మంది. మన పేటల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. పండక్కి ఊరెళ్లినప్పుడు ట్రంకు పెట్టెలు తెరవండి. డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం, పాత ఫొటో ఏదున్నా సెల్లుతో ఫొటో తీయండి. మెడల్ దొరికితే పాలిష్ పెట్టకండి. దాని అంచు మీద చిన్న అక్షరాల్లో పేరు, నంబరు ఉండొచ్చు. తిరిగి రానివాళ్ల కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. ఒక్క రంగూన్ స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. అమ్మమ్మలు, నానమ్మలు బతికుండగానే అడిగి రాసుకోండి. పేరు, నంబరు, ఊరు, ఏ దళం, ఎక్కడ పనిచేశాడు. ఈ ఐదూ చాలు.

వాచీని లక్షలు పోసి ఎవరైనా కొంటారు. ఆ పేర్లు మాత్రం మనమే వెతికి రాయాలి.

జై భీమ్.